కాటన్ దొర కొలిచిన నేల

ఈ నెల గోడపత్రికలో మహనీయుల జీవితాలు అనే శీర్షిక రాసే వంతు మా పదో తరగతికి వచ్చింది. పోయిన నెలల్లో అల్లూరి సీతారామరాజు, కొమరం భీము, జ్యోతిబా ఫూలే జీవితాలు చదివారు కదా. నేను సర్ ఆర్థర్ కాటన్ గురించి రాస్తానని పేరు ఇచ్చాను. కాటన్ దొర డెల్టా వాళ్ళ దొర, మన ఏజెన్సీకి ఆయన ఏం చేశాడని మా డార్మిటరీలో ఇద్దరు ముగ్గురు అడిగారు. అడగాల్సిన ప్రశ్నే. దానికి జవాబు కూడా ఈ వ్యాసంలో వస్తుంది, కొంచెం ఓపిక పట్టి కింద దాకా చదవండి. ఒక చార్టు సరిపోలేదు, రెండోది పక్కనే అంటించాను.

కాటన్ గురించి రాసేవాళ్ళందరూ ధవళేశ్వరం ఆనకట్ట గురించి రాస్తారు. పాఠ్యపుస్తకంలోనూ అదే ఉంది. కాని ఒక్క రాయి కూడా పెట్టకముందు ఆయన గోదావరి జిల్లా నేల అంతా తిరిగి, ఎక్కడ ఎత్తు, ఎక్కడ పల్లం అని అడుగుల్లో, అంగుళాల్లో కొలిపించి కాగితం మీదికి ఎక్కించాడు. ఆ కొలత లేకపోతే ఆనకట్ట కట్టినా నీళ్ళు పొలానికి చేరేవి కావు. నేను ముఖ్యంగా ఆ పని గురించే రాయాలనుకున్నాను. ఎందుకంటే ఎత్తుపల్లాల పటం అనేది ఇప్పుడు డెల్టా వాళ్ళకంటే మనకే ఎక్కువ సంబంధించిన విషయం అయిపోయింది.

ఆర్థర్ థామస్ కాటన్ 1803 మే 15న ఇంగ్లండులో జన్మించాడు. తండ్రి పేరు హెన్రీ కాల్వెలీ కాటన్. పదకొండు మంది అన్నదమ్ముల్లో ఈయన పదోవాడు. అంతమంది ఉన్న ఇంట్లో చిన్నవాళ్ళు తొందరగా ఉద్యోగానికి పోవలసిందే. పదిహేనో ఏట ఈస్టిండియా కంపెనీ వారి ఆడిస్కోంబ్ సైనిక పాఠశాలలో చేరాడు. అంటే ఇంచుమించు మన వయసులో. అక్కడ లెక్కలు, కోటలు కట్టే విద్య, పటాలు గీసే విద్య నేర్పేవారు. 1819లో మద్రాసు ఇంజనీర్ల దళంలో ఉద్యోగం వచ్చింది. వెంటనే ఇండియాకు పంపలేదు. ముందు పని నేర్చుకొమ్మని వేల్స్ అనే కొండ ప్రాంతానికి, బాంగోర్ అనే ఊరికి పంపారు.

అక్కడ ఆర్డినెన్సు సర్వే అని ఒక ప్రభుత్వ సంస్థ పని చేస్తోంది. బ్రిటన్ దేశం మొత్తాన్ని ఒక మైలుకు ఒక అంగుళం లెక్కన గీయడం దాని పని. 1791లో మొదలైంది. వేల్స్ అంటే గొర్రెల మందలు మేసే గుట్టలు, రాతి గోడల దొడ్లు, వర్షం, పొగమంచు. అలాంటి చోట పదహారు పదిహేడేళ్ళ కుర్రవాడు కొండెక్కి, దిగి, వాగు ఎటు పోతోంది, దారి ఎటు పోతోంది అని రాసుకుంటూ తిరిగాడు. ఈ కుర్రవాడు రాసి ఇచ్చిన రిపోర్టులు చాలా బాగున్నాయని పై అధికారులు మెచ్చుకున్నారట. అప్పట్లో కొండ ఏటవాలుగా ఉందని చూపించడానికి పక్షి ఈకల్లాగా చిన్న చిన్న గీతలు దగ్గర దగ్గరగా గీసేవారు. ఇప్పుడు మనం సోషల్‌లో చదివే కాంటూరు రేఖలు ఆ పటాల్లోకి తర్వాతే వచ్చాయి. కాంటూరు రేఖ అంటే సముద్రం నుంచి ఒకే ఎత్తులో ఉండే చోట్లన్నిటినీ కలుపుతూ గీసిన గీత. ఇది గుర్తు పెట్టుకోండి, మళ్ళీ పని పడుతుంది.

1821లో కాటన్ మద్రాసులో దిగాడు. మొదట చెరువుల శాఖలో వేశారు. తర్వాత రామేశ్వరం దగ్గర పాంబన్ జలసంధిలో ఓడలు పోవడానికి లోతు ఉందో లేదో సర్వే చేయించారు. నేల కొలిచినవాడు ఈసారి నీటి అడుగును కొలిచాడన్న మాట. 1824లో బర్మా యుద్ధం వస్తే అక్కడికీ పోయాడు. యుద్ధం సంగతి వదిలేద్దాం. తిరిగి వచ్చాక కావేరి నది పని అప్పచెప్పారు. తంజావూరు జిల్లాకు రావలసిన నీళ్ళు కొల్లడం అనే పాయలోకి పోయి, పొలాలు ఎండిపోతున్నాయి. కాటన్ 1836 నాటికి కొల్లడం మీద రెండు ఆనకట్టలు కట్టి నీళ్ళు తిప్పాడు. అయితే ఆ విద్య ఆయన ఎక్కడ నేర్చుకున్నాడో తెలుసా? అక్కడికి దగ్గర్లోనే చోళ రాజుల కాలం నాటి కల్లణై అనే పాత ఆనకట్ట ఉంది. గట్టి రాయి తగలని ఉత్త ఇసుక మీద ఆనకట్ట ఎలా నిలుస్తుందో దాన్ని చూసే తెలుసుకున్నామని ఆయనే ఒప్పుకున్నాడు. ఇంగ్లండు పుస్తకాల్లో లేని సంగతి మన పాత మేస్త్రీల దగ్గర నేర్చుకోవడం నాకు బాగా నచ్చింది.

కావేరి పనిలో ఎండకు, జ్వరాలకు ఆరోగ్యం బాగా చెడిపోయింది. బతికినన్నాళ్ళూ ఆ బాధ ఆయన్ని వదల్లేదు. తర్వాత విశాఖపట్నంలో సముద్రం ఒడ్డు కోసుకుపోతుంటే రాతి కట్టలు వేసి ఆపాడు. అక్కడి నుంచే గోదావరికి వచ్చాడు.

అప్పటి గోదావరి జిల్లా ఎలా ఉండేదో ఇప్పుడు కోనసీమ కొబ్బరి తోటలు చూసినవాళ్ళు నమ్మరు. దాన్ని రాజమండ్రి జిల్లా అనేవారు. నది నిండా నీళ్ళు పారుతుంటాయి, పక్క పొలంలో తాగడానికి చుక్క ఉండదు. వానలు ఎక్కువైతే వరద, తక్కువైతే కరువు. 1833 ప్రాంతంలో వచ్చిన కరువులో ఊళ్ళకు ఊళ్ళు ఖాళీ అయ్యాయి. 1839లో కోరంగి తుఫాను వచ్చి సముద్రం ఊళ్ళ మీద పడింది. 1821లో ఆ జిల్లా జనాభా 7,38,308. ఇరవై ఏళ్ళ తర్వాత 1841లో లెక్క పెడితే 5,61,041. జనం పెరగాల్సింది పోయి లక్షా డెబ్భై ఏడు వేల మంది తగ్గిపోయారు. చనిపోయినవాళ్ళు కొందరు, వలస పోయినవాళ్ళు కొందరు. కంపెనీకి జనం మీద కంటే శిస్తు మీద బెంగ ఎక్కువ. శిస్తు పడిపోయేసరికి కదిలారు. 1844లో ఈ జిల్లాకు ఏం చేస్తే బాగుంటుందో చూడమని కాటన్‌కు అప్పచెప్పారు.

అంతకు యాభై ఏళ్ళ ముందే మైకేల్ టాపింగ్ అనే సర్వేయరు ఈ తీరాన తిరిగి, గోదావరి, కృష్ణ నీళ్ళు పొలాలకు మళ్ళించవచ్చని చూశాడు. 1794లో మద్రాసులో సర్వే స్కూలు పెట్టించింది ఆయనే. మొదట్లో ఎనిమిది మంది పిల్లలు. అదే పెరిగి పెరిగి ఇప్పుడు గిండీ ఇంజనీరింగు కాలేజీ అయింది. టాపింగ్ 1796లో మచిలీపట్నంలో జ్వరంతో చనిపోయాడు. పని అక్కడే ఆగిపోయింది.

కాటన్ మొదట చేసిన పని నడవడం. గుర్రం మీద, పడవ మీద, కాలినడకన డెల్టా అంతా తిరిగాడు. కొద్దిమంది సహాయకులతో ఎత్తులు కొలిపించాడు. ఇక్కడ ఎత్తులు ఎలా కొలుస్తారో చెప్పాలి. మా సోషల్ సారు గ్రౌండులో చేసి చూపించారు. సన్నని గాజు గొట్టంలో ద్రవం పోసి, ఒక చిన్న గాలి బుడగ మిగిల్చి మూసేస్తారు. బుడగ సరిగ్గా నడుమ నిలిస్తే గొట్టం సమానంగా ఉన్నట్టు. తాపీ మేస్త్రీ రసమట్టం కూడా ఇదే. దాని పైన దుర్భిణి బిగిస్తే అది లెవెల్ యంత్రం అయింది. ఎత్తు తెలిసిన రాయి మీద ఒకరు అడుగులు, అంగుళాలు రాసిన కర్ర నిలబెడతారు. దుర్భిణిలోంచి చూస్తే కర్ర మీద ఒక అంకె కనిపిస్తుంది, అనుకోండి 4 అడుగులు. తర్వాత కర్రను ముందుకు తీసుకుపోయి నిలబెడతారు. ఇప్పుడు 5 అడుగులు కనిపించింది. అంటే రెండో చోటు మొదటి చోటు కంటే ఒక అడుగు పల్లం. అంతే, తీసివేత వస్తే చాలు. మళ్ళీ యంత్రం ముందుకు, మళ్ళీ కర్ర ముందుకు. దూరం కొలవడానికి 66 అడుగుల ఇనప గొలుసు. 80 గొలుసులు ఒక మైలు. ధవళేశ్వరం నుంచి సముద్రం సుమారు 40 మైళ్ళు. అంటే ఒక్క వరస కొలవాలంటేనే 3,200 సార్లు గొలుసు పరవాలి. బురదలో, తుమ్మ ముళ్ళలో, పాముల మధ్య. ఇలా ఎన్ని వరసలో!

ఇంత కొలిచాక ఏం తేలింది? రెండు సంగతులు తేలాయి. ఒకటి, ధవళేశ్వరం నుంచి సముద్రం దాకా నేల మైలుకు సుమారు ఒక అడుగు చొప్పున దిగుతుంది. 5,280 అడుగులు నడిస్తే ఒక్క అడుగు పల్లం. కంటికి బల్లలాగే కనిపిస్తుంది. కొలతలో ఒక అడుగు తేడా వస్తే నీళ్ళు మైలు దూరం ఎటో పోతాయి. రెండోది ఇంకా వింతగా ఉంటుంది. మన దగ్గర వాగు ఎప్పుడూ లోయలోనే, కొండల మధ్య అడుగునే పారుతుంది కదా. డెల్టాలో అలా కాదు. గోదావరి ప్రతి వరదకీ తెచ్చిన ఒండ్రు ముందు తన గట్టు మీదే పడేస్తుంది. అలా వేల ఏళ్ళు పోసుకుని నది గట్టే అన్నిటికంటే ఎత్తు అయింది. గేదె వెన్ను మీద నీళ్ళు పోసినట్టు ఊహించుకోండి. వెన్నుపూస మీద నది, అక్కడి నుంచి రెండు పక్కలకీ నేల జారుతూ పోతుంది. గోదావరి డెల్టాకీ కృష్ణా డెల్టాకీ మధ్య మిగిలిన పల్లమే కొల్లేరు. కాబట్టి కాలవను పల్లంలో తవ్వకూడదు, నది పక్కనే ఎత్తు మీద నడిపించాలి. అప్పుడు నీళ్ళు వాటంతట అవే పొలాలన్నిటికీ దిగుతాయి, ఏతాం తొక్కనక్కర్లేదు. ఇది కాగితం మీద ఎత్తులు రాసుకుంటే గాని తెలియదు. నా దృష్టిలో కాటన్ చేసిన గొప్ప పని ఇదే. ఆనకట్ట దాని తర్వాత.

1844లో ఒక నివేదిక, 1845లో ఇంకొకటి పంపాడు. లండన్‌లో కంపెనీ పెద్దలు 1846 చివర్లో ఒప్పుకున్నారు. 1847లో పని మొదలైంది. ధవళేశ్వరం దగ్గర నది నాలుగు పాయలు. ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం. మధ్యలో లంకలు. నాలుగు పాయల మీద రాతికట్టు కలిపితే దాదాపు 12,000 అడుగుల పొడవు. ధవళేశ్వరం కొండ రాయి కొట్టి, ఇనప పట్టాల మీద చిన్న బండ్లలో ఒడ్డుకు చేర్చేవారు. మన దేశంలో రైలు పట్టాలు వేసిన మొదటి చోట్లలో అది ఒకటి. జనం ఎక్కే రైలు రావడానికి ఇంకా చాలా ఏళ్ళు పట్టింది. వేలమంది కూలీలు పని చేశారు. వాళ్ళ పేర్లు ఏ పుస్తకంలోనూ లేవు. పేరు మిగిలింది వీణెం వీరన్న అనే తెలుగు ఓవర్సీరుది. కూలీలను కుదిర్చి, మాట్లాడి, వాళ్ళతో పని చేయించింది ఆయనే. ఆయన లేకపోతే పని సాగేది కాదని కాటన్ ప్రభుత్వానికి రాశాడు, రాయ్ బహదూర్ బిరుదు కూడా వచ్చింది. 1848లో కాటన్‌కు జబ్బు చేసి సెలవు మీద ఆస్ట్రేలియా పోతే కెప్టెన్ ఓర్ పని చూశాడు. 1850లో కాటన్ తిరిగి వచ్చాడు. 1852లో ఆనకట్ట పూర్తయింది. గన్నవరం దగ్గర వైనతేయ పాయ మీదుగా కాలవను దాటించే అక్విడక్టును హేగ్ అనే కుర్ర ఇంజనీరు 49 కమానులతో కట్టాడు. కింద నది, పైన కాలవ. ఈ హేగ్ పేరు గుర్తుంచుకోండి, మన ఏజెన్సీ కథలో ఈయన వస్తాడు.

తర్వాత డెల్టా ఎలా మారిందో అందరికీ తెలిసిందే. మూడు కాలవల కింద వరి. కాలవల్లో పడవలు కూడా. పుష్కరాల్లో పెద్దలకు తర్పణాలు వదిలేటప్పుడు కాటన్ పేరు కూడా తలుచుకునే వాళ్ళున్నారు. మా ఇంగ్లీషు టీచరమ్మ వాళ్ళ ఊరు కోనసీమ, ఆమె కూడా చూశానని చెప్పారు. ఒక తెల్లదొరకు గోదావరి ఒడ్డున నీళ్ళు వదలడమంటే మామూలు విషయం కాదు.

ఇక మన సంగతికి వద్దాం.

డెల్టా పని అవగానే కాటన్ కళ్ళు నది పైభాగం మీద పడ్డాయి. బేరారు దేశంలో పత్తి పండుతుంది. దాన్ని గోదావరి మీద పడవల్లో కాకినాడ ఓడరేవుకు దింపాలని ఆయన ఆలోచన. రైళ్ళకంటే కాలవలే చవక, కాలవ అయితే పొలానికి నీళ్ళు కూడా ఇస్తుందని జీవితమంతా వాదించాడు. పాపికొండల మీదుగా, భద్రాచలం దాటి పైదాకా నదిని సర్వే చేసే పని హేగ్‌కు వచ్చింది. 1856లో ఆయన నివేదిక అచ్చయింది. నదిలో పడవలు పోకుండా అడ్డుపడే రాతి మెట్టలు మూడు ఉన్నాయి. దుమ్ముగూడెం, ఇంచంపల్లి, దేవలమర్రి. మొదటి దానికి దుమ్ముగూడెం దగ్గర ఆనకట్ట, కాలవ, లాకులు కట్టడం మొదలుపెట్టారు. అడవి జ్వరం పనివాళ్ళను బతకనివ్వలేదు. వానాకాలం వస్తే పని బందు. డబ్బు నీళ్ళలా పోయింది. 1871లో మొత్తం పని ఆపేశారు. కాటన్ ఓడిపోయింది ఒక్క మన అడవిలోనే అని నాకనిపిస్తుంది. దుమ్ముగూడెం ఆనకట్ట ఇప్పటికీ ఉంది, వెళ్ళినవాళ్ళు చూసే ఉంటారు.

అడవి జ్వరం అంటే గుర్తొచ్చింది. హిమాలయాల్లో ఎవరెస్టు శిఖరం ఉంది కదా, ఆ పేరు గల జార్జి ఎవరెస్టు కూడా సర్వేయరే. 1819 ప్రాంతంలో కృష్ణా గోదావరి నడుమ నిజాం రాజ్యపు తూర్పు అడవుల్లో కొలతలు చేస్తుంటే ఆయనతో పాటు దాదాపు నూట యాభై మందికి జ్వరం పట్టుకుంది. హైదరాబాదు చేరేలోపు పదిహేను మంది చనిపోయారు. ఎవరెస్టు శిఖరాన్ని ఆయన ఎక్కనూ లేదు, కొలవనూ లేదు, మన పక్క అడవుల్లో మాత్రం చావు తప్పించుకున్నాడు. క్విజ్‌లో అడగవచ్చు.

మ్యాపుల మీద మన చోటు ఎన్నిసార్లు మారిందో కూడా చూడండి. భద్రాచలం, రేకపల్లి తాలూకాలు 1874లో సెంట్రల్ ప్రావిన్సెస్ నుంచి గోదావరి జిల్లాలోకి వచ్చాయి. అలా మార్చాక పోడు పన్ను పెంచారు, ఆంక్షలు పెట్టారు. 1879 రంప పితూరీ రేకపల్లి దాకా పాకడానికి అది ఒక కారణం. 1959లో ఖమ్మం జిల్లాలో కలిపారు. 2014లో మళ్ళీ తూర్పు గోదావరి. 2022లో అల్లూరి సీతారామరాజు జిల్లాలోకి వచ్చాయి. మా తాత ఊరు కదలకుండానే మూడు జిల్లాల్లో ఉన్నాడు.

కాటన్ సంగతి పూర్తి చేస్తాను. 1861లో సర్ బిరుదు వచ్చింది. ఉద్యోగం వదిలి ఇంగ్లండు వెళ్ళాక కూడా ఊరుకోలేదు. ఇండియాకు కాలవలు కావాలని కరపత్రాలు రాస్తూ, ఉపన్యాసాలిస్తూ గడిపాడు. రైళ్ళ కంపెనీల వాళ్ళకు ఆయనంటే గిట్టేది కాదు. 1878లో పార్లమెంటు సంఘం ముందు కూర్చోబెట్టి ఆయన లెక్కల మీద ప్రశ్నల మీద ప్రశ్నలు వేశారు. అప్పటికి ఆయనకు 75 ఏళ్ళు. ఆయన పథకాలన్నీ సరైనవే అని నేను అనను. కడప కర్నూలు కాలవ కంపెనీకి నష్టం వచ్చింది, దుమ్ముగూడెం చెప్పాను కదా. కాని అంత వయసులో కూడా వెనక్కి తగ్గలేదు. చివరి రోజుల్లో డోర్కింగ్ అనే ఊళ్ళో తోటలో నేలను లోతుగా తవ్వి గోధుమ పండించి చూసేవాడట. 1899 జులై 24న 96 ఏళ్ళ వయసులో కన్నుమూశాడు. మరుసటి ఏడాది ఆయన కూతురు జీవిత చరిత్ర అచ్చు వేయించింది. ధవళేశ్వరంలో పాత ఆనకట్ట బలహీనపడితే 1970 నుంచి 1982 మధ్య కొత్త బారేజీ కట్టి ఆయన పేరే పెట్టారు. అక్కడ కాటన్ మ్యూజియం కూడా ఉంది.

ఇప్పుడు సోషల్ రూములో గోడకు తగిలించిన రెండు పటాల గురించి. సర్వే ఆఫ్ ఇండియా వారు దేశాన్ని గళ్ళుగా విడగొట్టి ఒక్కో గడికి ఒక నంబరు ఇచ్చారు. ధవళేశ్వరం, భీమవరం ఉన్న గడి 65 హెచ్. దానికి పైన 65 జి, అందులో పోలవరం, రంపచోడవరం, చింతూరు, కూనవరం అన్నీ ఉన్నాయి. అంటే డెల్టా కింది గడిలో, మనం పై గడిలో. 65 హెచ్ కాగితం చూడండి. నీలం గీతలు కాలవలు, ఎర్ర చుక్కలు ఊళ్ళు. డెల్టా భాగంలో గోధుమ రంగు గీత వెతికినా దొరకదు. ఎందుకంటే కొత్త పటాల్లో 20 మీటర్లకు ఒక కాంటూరు గీస్తారు, డెల్టా అంతా 20 మీటర్ల లోపే. అందుకే కాటన్ అంగుళాల లెక్క తీయాల్సి వచ్చింది. 65 జి కాగితం చూడండి. గోధుమ గీతలు జుట్టు చిక్కుపడ్డట్టు ఉంటాయి. అవి మన కొండలు.

దాని పక్కన ఉన్నది పాత కాగితం, మైలుకు అంగుళం లెక్కన గీసినది. అందులో ఎత్తులు అడుగుల్లో ఉన్నాయి, 50 అడుగులకు ఒక గీత. సముద్రం నుంచి లెక్కపెడితే మూడో గీత 150 అడుగులు. మీటర్లలో 45.72. ఈ అంకె ఎక్కడో విన్నట్టు లేదూ? పోలవరం ప్రాజెక్టు నిండినప్పుడు నీటి మట్టం అదే. మొదటి దశలో 41.15 మీటర్ల దాకా నిలుపుతామంటున్నారు, అది 135 అడుగులు. ఆ మట్టాల కింద పడే కుటుంబాలు లక్షకు పైనే. కాటన్ కింద కట్టిన ఆనకట్టకు ఎత్తు లెక్క డెల్టా వాళ్ళకు నీళ్ళిచ్చింది. పైన కడుతున్న ఆనకట్టకు అదే ఎత్తు లెక్క ఎవరు ఎప్పుడు ఊరు ఖాళీ చేయాలో, ఎవరికి ముందు డబ్బు వస్తుందో చెప్తుంది.

మా ఊరు శబరి ఒడ్డున. సర్వే వాళ్ళు వచ్చి ఒక ఇంటి గోడ మీద రంగుతో గుర్తు పెట్టి పోయారు. మా ఇల్లు కింద, మా మావయ్య ఇల్లు పైన. మధ్యలో ఒక రోడ్డే. కింది వాళ్ళు ముందు పోవాలి, పై వాళ్ళు తర్వాత. 2022 జులైలో భద్రాచలం దగ్గర గోదావరి 71.3 అడుగులకు వచ్చినప్పుడు మావయ్య ఇంట్లోకి కూడా నడుం లోతు నీళ్ళు వచ్చాయి. ఆ 71.3 అనేది నదిలో పాతిన కొలత రాతి మీద అంకె, సముద్రం నుంచి ఎత్తు కాదు. ఈ రెండూ కలిపేసుకుని మా ఊళ్ళో చాలా తగాదాలయ్యాయి. ఒక ఆఫీసులో అడిగితే లిస్టులో పైన ఉంది కాబట్టి పైనే అన్నారట. మావయ్య చదువుకోలేదు, తిరిగి వచ్చేశాడు.

నేను పాత కాగితం మీద భూతద్దం పెట్టి మా ఊరు వెతికాను. పేరు ఉంది, కొంచెం అక్షరాలు మారాయి గాని ఉంది. 150 గీత మా ఊరి వెనక గుట్టను చుట్టి పోయింది. 135 గీత ఏ అచ్చు పటంలోనూ లేదు. పాత దాంట్లో 100, 150 ఉన్నాయి, కొత్త దాంట్లో 40 మీటర్లు, 60 మీటర్లు ఉన్నాయి. 41.15 ఎక్కడుందో తెలియాలంటే కాటన్ మనుషులు చేసినట్టే వీధి వీధికీ కర్ర నిలబెట్టి చూడాలి. బుడగ నడుమన ఉందా లేదా చూసుకోవాలి. అంతకంటే దగ్గరి దారి లేదు. కర్ర మీద అంకె చదవడం, తీసివేత చేయడం ఆరో తరగతి వాళ్ళకు కూడా వచ్చు. మా ఊళ్ళో కొలిచిన రోజు వాళ్ళు పుస్తకంలో ఏం రాసుకున్నారో పక్కన నిలబడి చూడగలిగిన మనిషి ఒక్కరు లేకపోయారు. టెన్త్ అయ్యాక ఐటిఐలో సర్వేయర్ ట్రేడు తీసుకోవాలనుకుంటున్నాను. రెండేళ్ళ కోర్సు.

ఈ రెండు పటాలు వచ్చే సంచిక దాకా సోషల్ రూములోనే ఉంటాయి. కూనవరం, వి.ఆర్.పురం, చింతూరు, దేవీపట్నం, వేలేరుపాడు, కుక్కునూరు వైపు నుంచి వచ్చినవాళ్ళు మీ ఊరు వెతుక్కోండి. ముందు నది పట్టుకోండి, నది నుంచి వాగు పట్టుకోండి, వాగు పక్కన ఊరు దొరుకుతుంది. గోధుమ గీత మీద చిన్న అంకె ఉంటుంది, అది ఎత్తు. దొరికినవాళ్ళు ఊరి పేరు, ఏ గీతకు దగ్గరో కింద వేలాడదీసిన నోటుబుక్కులో రాయండి. భూతద్దం సైన్సు ల్యాబులో అడిగి తెచ్చుకోండి. పటం మీద మాత్రం పెన్నుతో గీయకండి, సారుకు తిరిగి ఇవ్వాలి.